యతీమ్‌ఖానా గేటు దాటిన తర్వాత

(సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ముస్లిములలో విద్య ఆవశ్యకత" గురించి పది నిముషాలు మాట్లాడమన్నారు. ప్రతి సంవత్సరం ఎవరో ఒక పంతులు ఆ విషయమే మాట్లాడుతున్నాడు, మీరూ ఓపికగా వింటున్నారు. విద్య అక్కరలేదనేవాడు ఈ పందిట్లో ఒక్కడూ లేడు. కనుక ఆయన అనుమతితోనే విషయం మార్చుకొన్నాను. పది నిముషాలు కొంచెం దాటవచ్చు. దేగ్‌లు దించేలోగా ముగిస్తానని మాత్రం మాట యిచ్చాను.

నేను ఈ వూళ్లో ఇరవై యేళ్లుగా పంతులుగా వున్నాను. మీ యిళ్లలో చాలామంది పిల్లలు నా దగ్గర అలిఫ్, బే దిద్దినవారే. అయితే నేను యతీమ్‌ఖానాలో పెరిగినవాణ్ణని మీలో నలుగురైదుగురికి తప్ప తెలియదు. దాచాలని దాచలేదు, చెప్పబుద్ధి కాలేదు. చెబితే ఏమవుతుందో చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఎదుటివారి మొహం మెత్తబడుతుంది. చెయ్యి వారి జేబులోకి పోతుంది, లేదా నా తల మీదికి వస్తుంది. రెండూ మంచి మనసుతోనే. కాని ఆ తర్వాత నేను వారితో సమానంగా కూర్చుని ఒక మాట అనలేను, ఒక మాట పడలేను. నలభై దాటి, జుట్టు నెరిసి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక కూడా తల నిమిరించుకోవడం యెట్లాగండీ?

మాది గుడివాడ దగ్గర పల్లె. మా అబ్బా రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. నాకు ఆరేళ్లప్పుడు పోయాడు. అమ్మ ఏడాదిన్నర మామూ యింట్లో నెట్టుకొచ్చింది. మామూకు అయిదుగురు పిల్లలు, ఆయనను నేను తప్పుపట్టను. చివరకు 1988లో ఒకనాడు అమ్మ నన్ను డెల్టాలోనే ఒక పట్నంలోని యతీమ్‌ఖానాలో చేర్చింది. అక్కడ తొమ్మిదేళ్లు వున్నాను. ఆ సంస్థ పేరు చెప్పను, అవసరమూ లేదు. అన్నం పెట్టారు, చదువు చెప్పించారు, జ్వరమొస్తే మందు వేయించారు. మా హాలులో నలభై చాపలుండేవి. రోజూ నీళ్లపప్పు, జుమా నాడు మాత్రం ఖీమా. ఇప్పటికీ మావాళ్లలో ఎవరిని కదిపినా మొదట ఆ పప్పు సంగతే తీస్తారు, తిట్టుకుంటూనే తీస్తారు. రంజాను వస్తే ఒక యిబ్బంది వుండేది. దాతలు ఇఫ్తారు యిచ్చేవారు. మాకు కొత్త టోపీలు పెట్టి, వరుసగా నిలబెట్టి ఫోటో తీసేవారు. దాతగారు అరటిపండు చేతిలో పెడుతూ కెమెరా వైపు చూసేవారు, మేము పండు వైపు చూసేవాళ్లం.

1997లో పదో తరగతి పాసయ్యాను. రిజల్టు వచ్చిన వారానికి వార్డెన్‌సాబ్ పిలిచారు. "నువ్వింక పెద్దవాడివయ్యావు బేటా. కొత్తపిల్లలు వస్తున్నారు, చోటు కావాలి" అన్నారు. ఒక రేకుపెట్టె, రెండు జతల బట్టలు, టి.సి., నూరు రూపాయలు యిచ్చి, దువా చేసి పంపారు. అక్కడి రూలు అది. అప్పటికి మా అమ్మ పోయి రెండేళ్లయింది. గేటు బయట నిలబడితే కుడికి పోవాలో యెడమకు పోవాలో తెలియలేదు. విజయవాడ బస్సు వచ్చింది, ఎక్కాను. రెండు రాత్రులు బస్టాండులో పెట్టె తలకింద పెట్టుకుని పడుకున్నాను. మూడో రోజు ఒక సంగతి గుర్తొచ్చింది. నాకంటె మూడేళ్లు ముందు బయటికి వెళ్లిన ఒక భాయ్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేచోట పని చేస్తున్నాడని హాలులో ఎవరో అనుకోగా విన్నాను. ఆటోనగర్ యెంత వుంటుందో మీకు చెప్పనక్కరలేదు. పొద్దున్నించి షెడ్డు షెడ్డుకూ తిరిగి అడిగితే అసర్ వేళకు దొరికాడు. నన్ను చూసి "తిన్నావా?" అన్నాడు. వేరే ప్రశ్న వేయలేదు. అతని గదిలో అప్పటికే నలుగురున్నారు, నేను అయిదోవాణ్ణి. నా ఇంటర్మీడియెట్ ఫీజు అతను కట్టాడు. టీచర్ ట్రైనింగుకు పోయినప్పుడు ఆ గదిలోవాళ్లు తలాకాస్త వేసుకున్నారు. వారిలో ఒక్కడూ పదో తరగతి గట్టెక్కినవాడు కాడు.

ఇక్కడికి కథ బాగానే వుంది. తర్వాత నేను చేసిన పని చెబుతాను. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇల్లు మారాను. ఆ గదివాళ్లను మెల్లగా వదిలేశాను. పండగకు పలకరింపులు రెండేళ్లు సాగాయి, తర్వాత అవీ లేవు. పంతులునయ్యాను కదా, పాత సంగతులు యెందుకనుకున్నాను.

2021 మే నెల మీకందరికీ గుర్తే. కరోనా రెండో విడత. ఒకరాత్రి నాకు భవానీపురం నుంచి ఎవరో ఫోను చేశారు. "మా యింట్లో అద్దెకున్న మనిషి చనిపోయాడండీ. పుస్తకంలో మీ నంబరొక్కటే వుంది, పక్కన భాయ్ అని రాసుంది" అన్నారు. వెళ్లి చూస్తే అతను హాలులో నా పక్క చాపవాడు. తొమ్మిదేళ్లు ఒకే దుప్పటి చెరొకవైపూ లాక్కున్నవాళ్లం. చికెన్ దుకాణంలో పనిచేస్తున్నాడట, పెళ్లి చేసుకోలేదట. మా యింటికి అతని గది మూడు కిలోమీటర్లు. పదకొండేళ్లు అతణ్ణి నేను చూడలేదు. ఖబరస్తాన్‌కు నలుగురం వెళ్లాం, ఆ నలుగురిలో ఇద్దరు ఎవరో తెలియని కుర్రవాళ్లు, అప్పట్లో మయ్యత్‌లు మోయడానికి స్వచ్ఛందంగా తిరిగినవాళ్లు. అల్లా వారికి మేలు చేయుగాక. కాగితం మీద "మృతునికి మీరేమవుతారు?" అని వుంది. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి "సోదరుడు" అని రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. సోదరుణ్ణే అయితే ఈ పదకొండేళ్లూ యెక్కడున్నానన్నది నా ప్రశ్న.

అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాను. మొదట ఆటోనగర్ భాయ్ దొరికాడు. ఆయన ద్వారా ఇద్దరు, ఆ యిద్దరి ద్వారా నలుగురు. ఇప్పటికి విజయవాడ, బందరు, గుడివాడ, జగ్గయ్యపేట, కొండపల్లి కలిపి ముప్పైమంది దాకా తేలారు. అందరూ మా యతీమ్‌ఖానావాళ్లే కారు, వేరే చోట్ల పెరిగినవాళ్లూ వున్నారు. ఆటోవాళ్లు, టైలర్లు, రైల్వేలో ట్రాక్ పనివాడు ఒకడు, పల్లెలో ఇమామత్ చేసే హాఫిజ్‌సాబ్ ఒకరు, కాళేశ్వరరావు మార్కెట్టులో వుల్లిపాయల దగ్గర లెక్కలు రాసే ఆయన ఒకరు. మొదటిసారి ఒక గదిలో కూర్చున్నప్పుడు ఎవరూ నోరు విప్పలేదు. టీ తాగాం. ఇంతలో ఒకడు గ్లాసు మీద చెంచాతో టింగ్ టింగ్ మని కొట్టాడు, మా హాలులో భోజనాల గంట కొట్టినట్టు. అంతే, అందరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆనాటికి నవ్వుతోనే సరిపోయింది.

తర్వాత తర్వాత అసలు మాటలు వచ్చాయి. ఒకడికి అపెండిసైటిస్ వచ్చి ఆస్పత్రిలో చేరితే, ఆపరేషనుకు బంధువు సంతకం కావాలన్నారట. బంధువు లేడు. పక్క మంచం రోగి తమ్ముడు సంతకం చేశాడట. ఇంకొకడు బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు నామినీ గడిలో తన పేరే రాసుకున్నాడు, గుమాస్తా నవ్వాడు. ఇల్లు అద్దెకు కావాలంటే "మీ పెద్దవాళ్లను తీసుకురా బాబూ" అంటారు. పెళ్లిచూపులకు పోతే అబ్బాయి తరఫున నలుగురు పెద్దలు కూర్చోవాలి. ఒక కుర్రవాడు తన షెడ్డు యజమానిని, ఆయన బావమరిదిని కోటు వేయించి తీసుకుపోయాడట. సంబంధం కుదిరింది, అల్‌హమ్దులిల్లాహ్, కాని పిల్ల తండ్రికి సంగతి ఇంకా తెలియదు. వింటే నవ్వొస్తుంది. కాని ఇవి డబ్బుతో తీరే కష్టాలు కావని గమనించండి. ఆ ఆటోనగర్ కుర్రవాడు నెలకు నాకంటె ఎక్కువే సంపాదిస్తున్నాడు.

మరి మనం, అంటే జమాఅత్, ఎక్కడ వదిలేశాం? నేను మౌల్వీని కాను, ముందు వరుసలో మౌలానాసాబ్ వున్నారు, తప్పుంటే దిద్దుతారు. యతీమ్ అంటే యౌవనం రాకముందే తండ్రి పోయినవాడు. తల్లి వున్నా యతీమే. బాలిగ్ అయ్యాక ఆ పేరు పోతుంది. మనం ఈ అర్థాన్ని పట్టుకుని, పేరు పోయిననాడే బాధ్యతా పోయిందనుకున్నాం. కాని సూరయె నిసాలో, యతీముల ఆస్తి అప్పగించే ముందు వారిని పరీక్షిస్తూ వుండమని, వారిలో వివేకం కనబడినప్పుడే అప్పగించమని, అప్పుడు సాక్షులను పెట్టుకొమ్మని ఆదేశం వుంది. ఆ వివేకానికే రుష్ద్ అని పేరు. బాలిగ్ కావడం ఒకటి, రుష్ద్ రావడం ఒకటి. మన ఇమామ్ అబూ హనీఫా (రహ్.) అభిప్రాయంలో, వివేకం కనబడకపోతే ఆస్తిని 25 యేళ్లదాకా అట్టిపెట్టవచ్చు. అంటే అంతవరకు పెద్దవాడొకడు అతణ్ణి కనిపెట్టుకుని వుండాలన్నమాట. ఆస్తి వున్న యతీముకు ఇంత జాగ్రత్త చెప్పిన శాస్త్రం, రేకుపెట్టె తప్ప యేమీ లేని యతీమును పదిహేడేళ్లకే బస్టాండుకు పంపమంటుందా?

ఆస్తి మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. తాత బ్రతికుండగా తండ్రి పోతే, చిన్నాన్న వున్నచోట మనవడికి తాత ఆస్తిలో వాటా రాదని మీకు తెలుసు. మా హాలులో సగంమంది ఈ దారినే వచ్చినవాళ్లు. పాకిస్తానులో 1961లో చట్టం మార్చి మనవడికి వాటా యిచ్చారు, దానిమీద ఉలమాలలో వాదం వుంది, ఆ జోలికి పోను. మన దగ్గర ఆ మార్పు లేదు. అయితే తాతకు మూడోవంతు దాకా వసియ్యత్ రాసే హక్కు వుంది. ఎంతమంది తాతలు రాస్తున్నారు? మీ వీధిలో అటువంటి తాత వుంటే, ఆయన మంచాన పడకముందే ఒక మాట చెవిని వేయండి. యతీమ్‌ఖానాకు ఇచ్చే చందాకంటె అది యెక్కువ పనిచేస్తుంది.

ఇక సర్కారు సంగతి. నేను బయటికొచ్చిన రోజుల్లో మాకు తెలిసినంతలో ఏమీ లేదు. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టం వుంది. అందులో 46వ సెక్షను, 18 నిండి సంస్థనుంచి బయటికి వెళ్లేవారికి ఆర్థికసాయం చేయవచ్చునంటుంది. ఈ సాయం 21 వరకు, తప్పనిసరి పరిస్థితుల్లో 23 వరకు వుండవచ్చునని నిబంధనలు. కేంద్రంవారి మిషన్ వాత్సల్య పథకంలో నెలకు 4,000 రూపాయల చొప్పున ఇవ్వడానికి ఏర్పాటుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక విజయవాడవాళ్లకు ఎన్.టి.ఆర్. జిల్లా ఆఫీసు, గుడివాడ, దివిసీమవాళ్లకు బందరులో కృష్ణాజిల్లా ఆఫీసు. అయితే ఒక మెలిక వుంది. అదే చట్టం 41వ సెక్షను ప్రకారం పిల్లలను వుంచుకునే ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని యింట్లో పెరిగిన పిల్లవాడు 18 నిండాక సర్కారు లెక్కలో లేనివాడవుతాడు. కనుక చందా యిచ్చే పెద్దలు రసీదుతోబాటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

ఇంకో రెండు సంగతులు మా కూటంలో చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు. పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, వేరే దిక్కులేక, సర్కారు నడిపే లేక గుర్తించిన సంస్థలో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బి.సి. ఎ గ్రూపు కిందికి వస్తారు. తల్లి బ్రతికుండిన నావంటివాడికి అది వర్తించదనుకోండి. అట్లాగే 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలించారు. పుట్టిన తేదీకి కాగితం లేని అనాథకు సంస్థ అధిపతి లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ధ్రువీకరణ చాలు. గల్ఫుకు పోవాలనుకునే కుర్రవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పుట్టినతేదీ కాగితం లేదని ఏజెంట్ల చేతిలో వేలకు వేలు పోసినవాడు మాలో వున్నాడు.

ఇంతవరకు సంస్థలలో పెరిగినవారి మాట చెప్పాను. యిళ్లలో పెరిగినవారు వేరే. మనలో దత్తత లేదంటాం, నిజమే, తండ్రి పేరు మార్చకూడదు. సొంత తండ్రుల పేరుతోనే పిలవమని, తండ్రులెవరో తెలియకపోతే వారు మీ ధర్మ సోదరులేనని ఖుర్‌ఆన్ ఆదేశం. కాని పిల్లలు లేనివారు చెల్లెలి బిడ్డనో, ఆస్పత్రిలో వదిలేసిన బిడ్డనో తెచ్చి పెంచుకోవడం ప్రతి మొహల్లాలోనూ వుంది. 2014 ఫిబ్రవరిలో షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చునని, యిష్టంలేనివారిని ఆ చట్టం బలవంతపెట్టదని చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలు పెద్దలు చూసుకొంటారు. నేను చెప్పేది ఆ బిడ్డకు నిజం ఎప్పుడు తెలుస్తున్నదీ అని. చాలామందికి నిఖా రోజున తెలుస్తున్నది. ఖాజీసాబ్ పుస్తకం తెరిచి తండ్రి పేరు అడుగుతారు. గదిలో గుసగుసలు లేస్తాయి. ఇరవై రెండేళ్ల పిల్ల, చేతులకు మెహందీతో, తన తండ్రి వేరే మనిషని ఆ క్షణాన వింటుంది. పెంచినవారి ప్రేమలో లోపం లేదు. చెప్పడానికే ధైర్యం లేదు. బడిలో చేర్చే రోజుకే పిల్లకు తెలిసివుంటే తర్వాత అది వార్త కాదు. అట్లా ఆలస్యంగా తెలుసుకున్న ఒకాయన మా కూటానికి వచ్చాడు. యతీమ్‌ఖానావాళ్ల మధ్య తనకేం పని అని గుమ్మం దగ్గరే ఆగాడు. ఇప్పుడు అందరికంటె ముందు వచ్చి చాపలు పరుస్తున్నాడు.

ఇటువంటి కూటాలు మేమే కనిపెట్టామని అనుకోవద్దు. మాల్కం ఎక్స్ పేరు మన యువకులకు తెలుసు. 1964లో ఆయన చేసిన హజ్ సంగతీ తెలుసు. ఆయనా మా కోవలోవాడే అని ఎక్కువమందికి తెలియదు. 1931లో తండ్రి పోయాడు, అప్పటికి ఆరేళ్లు. 1939లో తల్లిని మానసిక ఆస్పత్రిలో పెట్టారు. చిన్నపిల్లలను తలా ఒక యింట పంచారు. మాల్కం పరాయి యిళ్లలో, సర్కారు యింట్లో పెరిగి, దారితప్పి 1946లో జైలుకు పోయాడు. జైల్లో ఆయనకు వుత్తరాలు రాసినవాళ్లు ఎవరనుకున్నారు? చిన్నప్పుడు విడదీయబడిన ఆ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. వారి ద్వారానే ఆయన మలుపు తిరిగాడు. పాతికేళ్ల తర్వాత 1963లో తల్లిని ఆ ఆస్పత్రినుంచి బయటికి తెచ్చుకొన్నదీ ఆ పిల్లలే.

అమెరికాలో నల్లజాతి పిల్లలు ఇప్పటికీ వారి జనాభా లెక్కకు మించి సర్కారు సంరక్షణలో వుంటారు. కొందరు తెల్లవారి యిళ్లకు దత్తు పోతారు. 1972లో నల్లజాతి సాంఘిక కార్యకర్తల జాతీయ సంఘం ఆ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించింది. అట్లా పెరిగి పెద్దవారైనవాళ్లు చెప్పే మాటలు వింటే, ప్రేమకు లోటు లేదు గాని తమ జుట్టు యెట్లా దువ్వాలో యింట్లో ఎవరికీ తెలియదని, అద్దంలో తమవంటి మొహం తమది ఒక్కటేనని అంటారు. అందుకని పెద్దయ్యాక ఒకరినొకరు వెతుక్కుని కూటాలు కడుతున్నారు. 1988లో కాలిఫోర్నియాలో, సర్కారు సంరక్షణలో పెరిగిన యువతీయువకులే ఒక సంఘం పెట్టి, తమ మీద చేసే చట్టాల గురించి తామే శాసనసభ్యులతో మాట్లాడడం మొదలుపెట్టారు. మన దేశంలో 1994లో ఢిల్లీలో మొదలైన ఉదయన్ కేర్ సంస్థవారు 2019లో అయిదు రాష్ట్రాలలో యిటువంటి యువకులను కలిసి ఒక నివేదిక తెచ్చారు. ఆ అయిదింటిలో మన రాష్ట్రం లేదు. మన విజయవాడలో 1989 నుంచి నవజీవన్ బాలభవన్‌వారు రైలు దిగిన దిక్కులేని పిల్లల కోసం పనిచేస్తున్నారు. అక్కడ పెరిగిన ఒక హిందూ కుర్రవాడు మా ఆటోనగర్ భాయ్ షెడ్డులో పెయింటర్. ఒకసారి మా కూటానికి వచ్చి "మా పప్పు కూడా అంతే సార్" అన్నాడు.

ఆ జుట్టు సంగతి చదివినప్పుడు నాకు మన పల్లెలు గుర్తొచ్చాయి. డెల్టాలో నూర్‌బాషా యిళ్లలో మాట్లాడేది తెలుగే. అటువంటి యింటి బిడ్డను ఏడేళ్లకు దూరాన ఉర్దూ సంస్థలో వేస్తే, పదేళ్ల తర్వాత తల్లి దగ్గరికి వెళ్లినప్పుడు ఆమెతో రెండు ముక్కలు మాట్లాడలేడు. మా హాఫిజ్‌సాబ్‌కు అట్లాగే జరిగింది. తల్లి "ఏం తింటావు నాయనా" అంటే ఆయనకు జవాబు ఉర్దూలో వచ్చిందట. నేను ఉర్దూ పంతులును, ఉర్దూ మీద నాకెంత యిదో మీకు తెలుసు. అయినా అంటున్నాను, ఆ పిల్లలకు తెలుగు మరిపించకండి. అది వారికి తల్లి దగ్గరికి పోయే దారి.

ఆడపిల్లల మాట నేను సరిగా చెప్పలేను, మా యింటావిడ చెబితే తెలిసింది. సంస్థలో పెరిగిన పిల్లకు పెళ్లి చేసి పంపించి మనం చేతులు దులుపుకొంటాం. ఆమెకు పుట్టిల్లు లేదు. మొదటి కాన్పుకు ఎక్కడికి పోతుంది? ఈదుకు ఎవరు పిలుస్తారు? మొగుడు చెయ్యి చేసుకుంటే "మావాళ్లకు చెబుతా" అనడానికి మావాళ్లెవరు? వలీ లేని పిల్లకు ఖాజీ వలీగా నిలబడతారు, అది నిఖా వరకు. తర్వాత? మా బడిలో ఇద్దరు టీచరమ్మలు వించిపేటలో, భవానీపురంలో తమ యిళ్లను అటువంటి పిల్లలకు పుట్టింటిగా చేశారు. కిందటి సంవత్సరం ఒక పిల్ల అక్కడే కాన్పు గడుపుకుని నలభై రోజులుండి వెళ్లింది. చీర, బిడ్డకు వుంగరం పెట్టి పంపారు. అల్లుడు కూడా వచ్చి అత్తారింట్లో అలిగినట్టే అలిగాడట, పలావులో ముక్కలు తక్కువయ్యాయని.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. ఒకడికి అందరం కలిసి అయిదువేలు అప్పు యిచ్చాం, మళ్లీ రాలేదు. మేము డబ్బు అడుగుతామని కాదు, వాడు మొహం చూపలేకపోతున్నాడు. అప్పటినుంచి కూటంలో డబ్బు వ్యవహారం పెట్టుకోకూడదనుకున్నాం. కొందరు రారు, ఎందుకంటే వారి భార్యలకు, అత్తవారికి సంగతి తెలియదు. ఒకాయన వస్తాడు గాని వీధి చివర స్కూటరు ఆపి నడిచి వస్తాడు. ఒకరిద్దరు దీనికి అధ్యక్షుడు, కార్యదర్శి, బ్యానరు వుండాలన్నారు. మిగతావాళ్లు వద్దన్నారు. ఆ రోజు పెద్ద గొడవే అయింది. బ్యానరు మీద ఏమని రాస్తాం చెప్పండి?

పెద్దలకు నా మనవి డబ్బు గురించి కాదు. మన షాదీఖానాలో వెనక గది వుంది. నెలలో మొదటి ఆదివారం అసర్ తర్వాత అది ఖాళీగానే వుంటుంది. ఆ గది మాకు ఇప్పించండి. ఎవరు వస్తున్నారని గుమ్మం దగ్గర నిలబడి చూడవద్దు, ఫోటోలు వద్దు, మన సావనీరులో పేర్లు అసలే వద్దు. మీలో పదిమంది, పిల్లవాడికి పెళ్లిచూపులైతే తెల్లచొక్కా వేసుకుని పెద్దవారిగా వచ్చి కూర్చోవడానికి, ఇల్లు అద్దెకు కావాలంటే ఒక మాట చెప్పడానికి, ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి సిద్ధమని కార్యదర్శిగారికి పేర్లిస్తే చాలు. యతీమ్‌ఖానా కమిటీలలో వున్నవారు ఇక్కడ ముగ్గురు కనబడుతున్నారు. వారిని ఒకటి అడుగుతాను. మీ దగ్గర చేరేటప్పుడు పిల్లవాడి పేరు రాసే రిజిస్టరు వుంది. వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్లాడో రాసే రిజిస్టరు వుందా? అది ఒకటి పెట్టండి, ఆర్నెల్లకోసారి ఆ నంబరుకు ఫోను చేయండి. కమిటీలో ఇద్దరు పాతపిల్లలకు చోటివ్వండి. పప్పు సంగతి వారికి మీకంటె బాగా తెలుసు. ఇదే 1997లో వుండివుంటే, భవానీపురంలో మూడు కిలోమీటర్ల దూరాన వున్నవాణ్ణి నేను ఖబరస్తాన్‌లో కలుసుకొని వుండేవాణ్ణి కాను.

ఇప్పుడు ఈ పందిట్లోనూ అటువంటివారు ఒకరిద్దరు వుండవచ్చు. చెయ్యి ఎత్తమని అడగను. ఆదివారం అసర్ నమాజు అయ్యాక రండి, ఆటోనగర్ భాయ్ వుంటాడు, నేనుంటాను. చాపలు, టీ మావే. చక్కెర యెక్కువ వేస్తాడని ముందే చెబుతున్నాను. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, దేగ్‌లు దించారు కాబోలు.

వస్సలాము అలైకుమ్.